తిలారు దాటాక

పార్శిల్ ఆఫీసు కాటా మీద
అసిరితల్లి పెట్టె పెట్టాను.
తొమ్మిది కిలోల నాలుగు వందలు.
విమానం ఇరవైమూడు దాకా మోస్తుంది,
మిగిలిన బరువులో ఇంకేం పెడదామంటే
"పరిగెట్టడానికి ఎల్తన్నాను బాబూ, కాపరానికి కాదు" అంది.

నెల్లిమర్ల వైపు ఆరు కిలోమీటర్లు ఆమె బీటు.
రోజూ చీకటితో పట్టాల వెంట పోయి
వదులైన కీలకి సుత్తి దెబ్బ వేసి వస్తుంది.
ఆ నడక ఏ రోజున పరుగైందో
గ్యాంగులో ఎవరూ చూడలేదు.
నేను చూసింది కాగితం మీదే:
దక్షిణాఫ్రికా. కొండలు. తొంభై కిలోమీటర్లు.
పన్నెండు గంటలు దాటితే గేటు వేసేస్తారు.
"గేటు పడ్డం నాకు కొత్తా?"

రాతకోతలన్నీ నాకే వదిలేసింది.
మొదట పేరు దగ్గరే చిక్కుకున్నాం.
పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ,
ఖాళీ గడి విమానానికి పనికిరాదట.
టికెట్టు మీద అసిరితల్లి అసిరితల్లి అని పడింది.
"ఒకర్తినే కదా ఎల్తన్నాను" అని నవ్వింది గానీ
ఆ కాగితాన్ని చాలాసేపు మడత పెట్టలేదు.

అడిస్ అబాబాలో నాలుగు గంటలు మారు బండి కోసం ఆగాలి.
అందుకని పది రోజుల ముందే
విశాఖ పోయి సూది వేయించుకోవాలి.
పసుపు జ్వరానికి, అని చెప్పాను.
"పసుపు రాత్తే జొరం తగ్గాల గానీ
పసుపుకే జొరమేటి?"
నా దగ్గర జవాబు లేదు.
పాసింజరు టైము చెప్పాను.

చోడిపిండి రెండు కిలోలు, సీలు వేసి.
అదేమిటో కస్టమ్స్ వాళ్లకి ఇంగ్లీషులో రాయడానికి
స్టేషన్ మాస్టరు గారి అమ్మాయిని అడిగాను.
ఫోన్లో వెతికి చెప్పింది,
చోళ్లని అలా పిలిస్తే పలుకుతాయా అని నాకనిపించింది.

దారిలో మూడు చోట్ల సంచులు ఉంచుకోనిస్తారు.
అక్కడి ఊళ్లపేర్లు మా ఇద్దరికీ నోరు తిరగవు.
మ్యాపు మీద పెన్సిలుతో మన లైను వేశాను.
మొదటి సంచి చీపురుపల్లి: ఉప్పు, అంబలి సీసా.
రెండోది పొందూరు: పొడి మేజోళ్లు, కొబ్బరినూనె.
మూడోది ఆమదాలవలస: బెల్లం, రెండో జత బూట్లు.
"ఆ తరవాత?"
ఊర్లాం. తిలారు. తిలారు దాటాక కొంచెం.
"తిలారు దాటాక ఏటుంది?"
లైను అయిపోతుంది అన్నాను.
"లైనెప్పుడూ అవదు బాబూ.
మన బీటు అవుద్ది."

ఫారంలో ఇంకో గడి. సహాయకుడు, ఉన్నట్లయితే.
నీళ్లందించడానికి, పేరు పెట్టి పిలవడానికి.
రెండో టికెట్టు అరవై ఎనిమిది వేలు,
సొసైటీ లోను ఒక మనిషికే సరిపోయింది.
నా పేరు రాసి
రెండ్రోజులు సొరుగులో ఉంచి
రబ్బరుతో చెరిపాను.
వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే ఇప్పటికీ కనిపిస్తుంది.

అక్కడ తుపాకీ పేలేది పొద్దున్న అయిదున్నరకి,
మన ప్లాట్‌ఫారం గడియారంలో తొమ్మిది.
ఆదివారం నాకు డ్యూటీ.
ఒంటిగంటకి చీపురుపల్లి అనుకోవాలి.
నాలుగున్నరకి పొందూరు, చేపలబుట్టలు దించుతూ.
ఆరున్నరకి ఆమదాలవలస.
తొమ్మిదయ్యేలోగా ఇంక గడియారం వైపు చూడకూడదు.

పదకొండు రోజులే సెలవు.
బుధవారం రాత్రి దిగుతుంది, గురువారం తెల్లారితే బీటు.
కాళ్లు వాచిపోతే?
ప్లానులో ఆ కాలమ్ లేదు.

నిన్న తన సుత్తి, స్పానరు తెచ్చి
నా బల్ల కింద పెట్టి పోయింది,
వేరే చేతికి అలవాటు పడిపోతాయట.
ఊరికే కాటా మీద వేసి చూశాను.
పెట్టెకంటే బరువు.
గోనెలో చుట్టి, పురికొసతో కట్టి, చీటీ రాశాను.
నుంచి: విజయనగరం.
వరకు: విజయనగరం.
తీసుకునేవారు: అసిరితల్లి అసిరితల్లి.